పటం కథ రికార్డు చేయడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తుందా?

ప్రశ్న అడిగినాయన చాలా వివరంగా రాశారు. నేను కుదించి చెప్పుకుని మొదలుపెడతాను. ఆయనకు 34 ఏళ్ళు. సిద్దిపేట వైపు ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు. పీహెచ్‌డీ లేదు. వాళ్ళ ఊళ్ళో పద్మశాలీల వాడకు వచ్చి, పటం (కథను బొమ్మలుగా రాసిన పొడవాటి గుడ్డ) విప్పి మార్కండేయ పురాణం చెప్పే కూనపులి కులం వాళ్ళ కుటుంబం ఒకటి ఉంది. కథంతా నోటికి వచ్చినవాడు ఇప్పుడు వాళ్ళలో పెద్దాయన ఒక్కడే. ఆ కథ రికార్డు చేసి, రాయించి, పటం బొమ్మలతో పుస్తకం తేవాలని ఈయన కోరిక. ఆరు లక్షలు కావాలని లెక్క వేసుకున్నారు. ప్రభుత్వం ఇస్తుందా, సొసైటీ పెట్టాలా, పీహెచ్‌డీ లేకపోతే పక్కన పడేస్తారా అని అడిగారు. అమెరికాలో ఉన్న వాళ్ళ అన్నయ్య అక్కడి గ్రాంటుకు అప్లై చేయమంటున్నారట.

సూటిగా చెప్పాలంటే, డబ్బు ఉంది. ఆరు లక్షలు మాత్రం కాదు, ఈ ఏడాదే రావడమూ కష్టం. సొసైటీ అక్కర్లేదు. మీ వయసుకీ మీ పనికీ సరిపోయేది కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఇచ్చే జూనియర్ ఫెలోషిప్. నెలకు 10,000 చొప్పున రెండేళ్ళు, మొత్తం 2,40,000. 40 దాటినవాళ్ళకు సీనియర్ ఫెలోషిప్ ఉంది, అది నెలకు 20,000. దీన్ని నడిపేది సీసీఆర్‌టీ అనే సంస్థ, దాని ప్రాంతీయ కేంద్రం మన హైదరాబాద్ మాదాపూర్‌లోనే ఉంది. అప్లై చేయండి. కానీ పెద్దాయన గొంతును ఆ డబ్బు వచ్చేదాకా ఆపి ఉంచకండి. మొదటి రికార్డింగు మీ జేబు డబ్బుతో అయిపోవాలి. ఎందుకంటున్నానో కింద చెబుతాను.

నా సంగతి రెండు ముక్కల్లో: తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆశ్రిత కులాల వాళ్ళు, అంటే ఒక కులాన్ని ఆశ్రయించి వాళ్ళకు కథ చెప్పి బతికేవాళ్ళు, చెప్పే కథల మీద ఇరవై ఏళ్ళకు పైగా తిరిగాను. ప్రభుత్వ డబ్బు కోసం ఐదుసార్లు అప్లై చేస్తే రెండుసార్లు వచ్చింది. తర్వాత రెండుసార్లు ఎంపిక కమిటీలో బల్లకు అవతలి వైపు కూడా కూర్చున్నాను. కాబట్టి తిరస్కరణ ఉత్తరం చదవడమూ తెలుసు, అది ఎలా పుడుతుందో కూడా తెలుసు.

ఈ రంగంలో ఒక్కో సంస్థ తన చుట్టూ ఒక గిరి గీసుకుని ఉంటుంది. గిరి అవతలి నుంచి వచ్చిన అప్లికేషన్ ఎంత బాగున్నా మొదటి వడపోతలోనే పోతుంది. మీరు రాసిన లిస్టులో మొదటి పేరు సాహిత్య అకాడమీ. అది 1954 నుంచి ఉంది, 24 భాషలకు పనిచేస్తుంది. కానీ దాని పని అవార్డులు, అనువాదాలు, సదస్సులు, సొంత ప్రచురణలు. మీలాంటి వ్యక్తి ఫీల్డ్ వర్క్‌కి డబ్బు కట్టే చోటు కాదది. రెండో పేరు ఐసీహెచ్‌ఆర్, అంటే భారత చరిత్ర పరిశోధన మండలి. 1972లో చరిత్ర పరిశోధన కోసం పెట్టారు. ఫెలోషిప్పులు, ప్రాజెక్టులు, ప్రచురణకు సబ్సిడీ అన్నీ ఉన్నాయి. అయితే అక్కడ కమిటీ మొదట చూసేది మీ డిగ్రీనీ, అంతకుముందు మీరు అచ్చేసిన పరిశోధననూ. పీహెచ్‌డీ లేకుండా అక్కడ తలుపు తట్టడం ఇప్పటికి వద్దు. అంతకంటే పాతది, 1969 నాటి ఐసీఎస్‌ఎస్‌ఆర్, అంటే భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. వాళ్ళది సామాజిక శాస్త్రం. కూనపులి వాళ్ళ బతుకుతెరువు ఎలా మారింది అని అడిగితే వాళ్ళ గిరిలోకి వస్తారు, మార్కండేయుడి కథ అంటే రారు.

సీసీఆర్‌టీ ఫెలోషిప్ మీకు కుదరడానికి కారణం, అందులో జానపద, సంప్రదాయ కళలకు విడిగా చోటుంది. ఏటా జూనియర్, సీనియర్ రెండూ కలిపి 400 దాకా ఇస్తారు. దేశం మొత్తానికి కదా అని నిరాశపడకండి. తెలుగు వైపు నుంచి ఒక పటం మీద, ఒక కుటుంబం మీద నికరంగా రాసిన అప్లికేషన్లు నేను చూసినంతలో తక్కువే. ఒక్క మాట గుర్తుంచుకోండి. అది పరిశోధన కోసం ఇచ్చే డబ్బు. శిక్షణ తరగతులు, వర్క్‌షాపులు, సెమినార్లు పెడతామంటే ఇవ్వరు. ఆత్మకథలు, కథలు, నవలలు రాస్తామన్నా ఇవ్వరు. మీ ముసాయిదాలో "ఊరి యువతకు పటం కథలో శిక్షణ" అని ఒక పేరా ఉంది చూడండి, మంచి ఉద్దేశమే, దాన్ని కొట్టేయండి.

ఇప్పుడు అప్లికేషన్ రాయడం. మీరు పెట్టిన శీర్షిక "తెలంగాణ పటం కథల సమగ్ర అధ్యయనం". నా మొదటి అప్లికేషన్ శీర్షిక కూడా ఇంచుమించు ఇదే. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వాళ్ళు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్ళు, అందరినీ ఒకే గంపలో వేసి పట్టుకెళ్ళాను. తిరిగొచ్చింది. అప్పుడు కోపమొచ్చింది. తర్వాత కమిటీలో కూర్చున్నప్పుడు అర్థమైంది, "సమగ్ర" అన్న మాట కనబడగానే చదివేవాళ్ళ మొహాల్లో ఏం కనిపిస్తుందో. రెండేళ్ళలో ఒక్క మనిషి చేయలేని పని అడుగుతున్నాడు, అంటే ఈయన ఎప్పుడూ ఫీల్డులోకి వెళ్ళలేదు అనుకుంటారు. మూడో ప్రయత్నంలో నేను ఒక్క కుటుంబం, ఒక్క కథ, మూడు ఊళ్ళు అని రాశాను. వచ్చింది.

కాబట్టి ఒక పటం, ఒక కథకుడు, ఒక కథ. ఆ పటం పొడవెంత, ఎన్ని వరసల బొమ్మలున్నాయి, ఎవరు రాసిచ్చారు (చేర్యాలలో బొమ్మలు రాసే నకాషీల దగ్గర రాయించిందే అయి ఉంటుంది, ఏ ఇంట్లోనో పెద్దాయనకు గుర్తుంటుంది), కథ ఎన్ని రాత్రులు నడుస్తుంది, ఎంతమంది వంత పాడతారు, ఏ ఏ ఊళ్ళలో కథ చెప్పే హక్కు వాళ్ళకు ఉంది, ఇవన్నీ అప్లికేషన్‌లోనే ఉండాలి. ఇవి రాయాలంటే మీరు అప్పటికే రెండు మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని ఉండాలి. సొంత డబ్బుతో ముందు రికార్డు చేయమన్నది ఇందుకు కూడా. మీరు పని చేయగలరు అనడానికి రుజువు అడుగుతారు. పీహెచ్‌డీ లేనివాళ్ళకు అరగంట రికార్డింగు, దానికి శుభ్రంగా రాసిన పాఠం (విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టింది) ఇరవై పేజీలు, వీటిని మించిన రుజువు లేదు. నేను కమిటీలో ఉండగా డాక్టరేట్లను పక్కనపెట్టి ఒక బడి పంతులుకి ఇప్పించాం. ఆయన జత చేసిన పాఠంలో కథకుడి మాట ఎక్కడా దిద్దలేదు, వాడుక మాటలకు కింద అర్థాలు రాసుకున్నాడు. అంతే చాలింది.

ఆలస్యం సంగతి. ఒక బ్యాచ్‌కి అప్లికేషన్లు పిలిచిన ఏడాదిలోనే ఫలితాలు వస్తాయని ఆశపెట్టుకోకండి. ఫలితం వచ్చాక కూడా డబ్బు ఆరు నెలలకోసారి విడతగా వస్తుంది. మీరు రిపోర్టు పంపాలి, అది బాగుందని వాళ్ళు అనుకోవాలి, అప్పుడు తర్వాతి విడత. మీరు రాసిందాన్ని బట్టి పెద్దాయనకు 78 ఏళ్ళు, పోయిన చలికాలం దగ్గుతో నెల రోజులు మంచం పట్టాడు. ఆయనకు ఈ క్యాలెండర్ తెలియదు కదా. నా రెండో ప్రాజెక్టులో మంజూరు ఉత్తరం వచ్చే సరికి ముగ్గురు కథకుల్లో ఒకరు వెళ్ళిపోయారు. ఆయన పాడే భాగం ఆయన తమ్ముడికి వచ్చు కానీ, సగమే వచ్చు.

పటానికి కూడా ఇదే తొందర. పాతబడి చిరిగిన పటాన్ని పూజ చేసి నీళ్ళలో కలిపేసే ఆచారం ఈ కుటుంబాల్లో ఉంది. అది వాళ్ళ ధర్మం, మనం వద్దనడానికి లేదు. అందుకే ముందు ఫొటోలు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవు ఉండే గుడ్డను ఒక్కసారి తీయలేరు. నీడలో, పొద్దున పూట, అడుగు అడుగుకీ కొంచెం ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. ఫోన్ కెమెరాతోనైనా సరే. ఆ తర్వాత గ్రాంటు వస్తే మంచి ఫొటోగ్రాఫర్‌తో మళ్ళీ తీయించుకోవచ్చు, పటం ఉంటే.

ఇక మీ బడ్జెట్. ఆరు లక్షల్లో 1,75,000 కెమెరాకీ ల్యాప్‌టాప్‌కీ రాశారు. కమిటీలో మొదట వేలు పెట్టి చూపించే లైను ఇదే. వస్తువు కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. ఫెలోషిప్‌లో అయితే లైన్లవారీ బడ్జెట్ ఉండదు, నెల నెలా ఇంత అని ఇస్తారు, దాన్నెలా వాడుకోవాలో మీరే చూసుకోవాలి. 2,40,000 నా చేతికిస్తే ఇలా పంచుతాను: కథకుడికీ వంతలకీ 80,000, పాఠం రాసే మనిషికి 70,000, ప్రయాణాలకు 40,000, ఫొటోలకూ అద్దెకూ 30,000, మిగిలిన 20,000 అనుకోని వాటికి. పాఠం రాయడానికి అంతెందుకు అనుకుంటారేమో. నా అనుభవంలో ఒక గంట రికార్డుకి ఎనిమిది నుంచి పది గంటల రాత పని పడుతుంది. పాటలో అయితే ఇంకా ఎక్కువ. వంతపాట కథకుడి మాట మీద పడి రెండూ కలిసిపోతాయి, వెనక్కి తిప్పి తిప్పి వినాలి. ఈ పనిని అందరూ తక్కువ అంచనా వేస్తారు. ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే. హార్డ్ డిస్కుల్లో రికార్డులుంటాయి, కాగితం మీద ఒక్క పేజీ ఉండదు.

కథకుడికి మూడో వంతు ఎందుకన్నది కొంచెం వివరంగా చెప్పాలి. ఈ కథలకు మన ప్రభుత్వాల కంటే చాలా ముందు నుంచే ఒక ఫండింగు పద్ధతి ఉంది. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానికి అని మిరాశీ హక్కు, అంటే వంశపారంపర్య హక్కు ఉండేది. ఆ ఊరి పద్మశాలీలు కథ చెప్పించుకుని త్యాగం ఇచ్చేవాళ్ళు, కథకు ఇచ్చే ప్రతిఫలాన్ని అలా అంటారు. అది దానం కాదు, బిచ్చం అంతకంటే కాదు. కథ చెప్పడం వాళ్ళ హక్కు, ఇవ్వడం వీళ్ళ బాధ్యత. మగ్గాలు మూలపడి నేతవాళ్ళే సూరత్‌కీ భివండీకీ వలస పోయాక త్యాగం ఎవరిస్తారు? ఇచ్చే కులం చితికితే అడిగే కులం ఇంకా ముందే చితికింది. ఆ ఖాళీలోకే ఇప్పుడు మీరూ నేనూ ప్రభుత్వ డబ్బుతో వెళ్తున్నాం. అలాంటప్పుడు పరిశోధకుడికి ఫెలోషిప్, కథకుడికి శాలువా అంటే ఎలా?

ఒకసారి రికార్డింగు అయ్యాక ఓ పెద్దావిడ నన్ను అడిగింది, "ఇగ ఇదంత నీ ఫోన్ల ఉన్నది గద మేడమ్, రేపు మమ్ముల నెవ్వరు పిలుస్తరు?" అని. నా దగ్గర జవాబు లేదు. కానీ అప్పటి నుంచి మూడు పనులు మానకుండా చేస్తున్నాను. ఎంతిస్తానో ముందే చెప్పి, కాగితం మీద రాసి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకుంటాను. పూర్తి రాత్రి కథను ఇంటర్నెట్‌లో పెట్టను. కుటుంబం ఒప్పుకున్న భాగం మాత్రమే పెడతాను. పుస్తకం మీద కథకుడి పేరు నా పేరు కంటే ముందు వేస్తాను. ఈ మూడో పని వల్ల ఒక ప్రచురణకర్తతో పోట్లాట అయింది, అదంతా ఇక్కడెందుకు.

ఊళ్ళో పద్మశాలీ పెద్దలతో కూడా ముందే మాట్లాడండి. కథ చెప్పేది కూనపులి వాళ్ళయినా అది మా కుల పురాణం అనుకునేది వీళ్ళు. మీ పుస్తకంలో ఏదో పాఠం వాళ్ళకు తెలిసిన దానికి తేడాగా ఉంటే మొదటి గొడవ అక్కడి నుంచే వస్తుంది.

సొసైటీ పెట్టాలా అన్నారు. వద్దు, కనీసం ఈ ప్రాజెక్టు కోసం వద్దు. సంస్థలకిచ్చే పథకాలు వేరే ఉన్నాయి. సంగీత నాటక అకాడమీ చేతి మీదుగా 2013లో మొదలైన అమూర్త సాంస్కృతిక వారసత్వ పథకంలో వ్యక్తులతో పాటు సంస్థలకూ చోటుంది. అయితే సంస్థగా వెళ్తే సాధారణంగా మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైతే ఇచ్చేది) అడుగుతారు. నిన్న రిజిస్టరు చేసిన సొసైటీకి అవి ఎక్కడి నుంచి వస్తాయి? పైగా సంస్థకు గ్రాంటు వచ్చిందంటే యూసీ టెన్షన్ మొదలవుతుంది. యూసీ అంటే ఇచ్చిన డబ్బు దేనికి ఇచ్చారో దానికే ఖర్చయింది అని జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో ఇచ్చే ధ్రువపత్రం. అది వెళ్తేనే తర్వాతి విడత.

నా రెండో ప్రాజెక్టు ఒక కాలేజీ ఖాతా ద్వారా నడిచింది. డబ్బు సేవింగ్స్ ఖాతాలో పడి కొన్ని నెలలు ఉండటంతో 2,316 రూపాయలు వడ్డీ వచ్చింది. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ ప్రభుత్వానిదే, తిరిగి కట్టాలి. ఆ సంగతి నాకూ తెలియదు, కాలేజీ గుమాస్తాకూ పట్టలేదు. యూసీ వెనక్కి వచ్చింది. ఈలోపు ప్రిన్సిపాల్ మారారు. కొత్తాయన, తాను రాకముందు నాటి ఖాతాకు సంతకం ఎలా పెడతానన్నారు. ఆ రెండు వేల చిల్లరకు చివరి విడత పద్నాలుగు నెలలు ఆగింది. పాఠం రాసిన అమ్మాయికి నా జీతంలోంచి ఇచ్చాను. మీరు ఎప్పటికైనా సంస్థ ద్వారా వెళ్తే ప్రాజెక్టుకు విడి ఖాతా తెరిపించండి, ప్రతి బిల్లూ రెండు కాపీలు మీ దగ్గర ఉంచుకోండి. ఊళ్ళో ఆటోవాడు బిల్లు ఇవ్వడు, టీ కొట్టువాడూ ఇవ్వడు. ఒక వోచరు పుస్తకం కొనుక్కుని అక్కడికక్కడే సంతకం పెట్టించుకోవడమే. వ్యక్తిగత ఫెలోషిప్‌లో ఈ గోల చాలా వరకు ఉండదు. మీరు ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి యాజమాన్యం నుంచి అభ్యంతరం లేదన్న ఉత్తరం మాత్రం ఇప్పుడే తీసిపెట్టుకోండి.

పుస్తకం అచ్చు ఖర్చును ఈ లెక్కలో కలపకండి, అది వేరే దశ, వేరే డబ్బు. రాష్ట్ర స్థాయిలో డబ్బు ఎప్పుడూ ఫీల్డు పని కంటే అచ్చుకూ అవార్డుకూ ఉత్సవానికే తేలికగా కదులుతుంది. అందులోనూ నిలకడ తక్కువ. 1957లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని 1983లో రద్దు చేశారు. దాని పని 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయంలోకి వెళ్ళింది, ఇప్పుడు దానికి హైదరాబాద్‌లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. తెలంగాణకు మళ్ళీ సాహిత్య అకాడమీ 2017లో వచ్చింది. గ్రంథ ముద్రణకు తెలుగు విశ్వవిద్యాలయం ఆర్థిక సహాయం ఇస్తూ వచ్చింది. మీ పాఠం సిద్ధమయ్యే నాటికి ఆ ప్రకటన ఉందేమో చూసుకోండి. అచ్చయ్యాక గ్రంథాలయాల కొనుగోలు ఇంకో దారి. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, ఆ డబ్బులో కొంత తిరిగి మన పుస్తకానికి రావాలని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

పెద్దాయన దగ్గర వాళ్ళ తాత చేతిరాతతో ఒక నోటు పుస్తకం ఉందని మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో ఎక్కువ ఆసక్తి కలిగించింది అదే! 75 ఏళ్ళు దాటిన చేతిరాత అయితే అది రాతప్రతి కిందికి వస్తుంది. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ పెట్టారు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో దాన్ని జ్ఞాన భారతం పేరుతో పెంచి, మూడున్నర కోట్లున్న కేటాయింపును 60 కోట్లు చేశారు. కోటికి పైగా రాతప్రతులను లెక్కలోకి తేవాలని లక్ష్యం, ప్రైవేటు వ్యక్తుల దగ్గరున్నవి కూడా అందులో ఉన్నాయి. దీని నుంచి మీ చేతికి డబ్బు వస్తుందని చెప్పడం లేదు. కానీ ఆ పుస్తకాన్ని నమోదు చేయించి, స్కాన్ చేయించుకునే అవకాశం ఉంది. పుస్తకం మాత్రం వాళ్ళింట్లోనే ఉండాలి. "చూసి ఇస్తాను" అని మీ ఇంటికి తెచ్చుకోకండి. అలా తీసుకెళ్ళి తిరిగివ్వని పెద్దమనుషుల వల్లే కొన్ని ఊళ్ళలో నన్ను గడప దగ్గరే ఆపేశారు.

చివరిగా మీ అన్నయ్య మాట. ఆయన చెప్పింది ఎన్‌ఈహెచ్ గురించే అనుకుంటాను. 1965 నుంచి అమెరికా ప్రభుత్వం సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం లాంటి వాటికి డబ్బిచ్చే సంస్థ అది. మంచి సంస్థే, కానీ సిద్దిపేటలో ఉన్న మీరు నేరుగా అడగగలిగేది కాదు, అక్కడి విశ్వవిద్యాలయంలో ఎవరో ముందుండి నడపాలి. పైగా 2025 ఏప్రిల్‌లో అక్కడ మంజూరై నడుస్తున్న గ్రాంట్లనే వెయ్యికి పైగా మధ్యలో రద్దు చేశారు. మన దగ్గర విడత ఆలస్యమవుతుందని తిట్టుకుంటాం కానీ, సగం పనిలో డబ్బే ఆగిపోవడం అక్కడా ఉందన్నమాట. సొసైటీ పెట్టి విదేశీ డబ్బు తీసుకుందామన్నా విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి, అది ఇంకో చాంతాడు. మీ అన్నయ్యకు అక్కడ తెలిసినవాళ్ళెవరో పటం కొంటామన్నారని కూడా రాశారు. వందేళ్ళు దాటిన పటమైతే 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించడం నేరం. వందేళ్ళు దాటకపోయినా అది అమ్మే వస్తువు కాదు, పటం లేకపోతే ఆ కుటుంబం కథ చెప్పలేదు. మీ అన్నయ్య నిజంగా సాయం చేయాలనుకుంటే ఇక్కడున్న మీ ఖాతాకు ఒక యాభై వేలు పంపమనండి, సొంత తమ్ముడికి పంపడానికి ఏ కమిటీ అక్కర్లేదు. మొదటి మూడు రాత్రుల రికార్డింగు దాంతో అయిపోతుంది.

అప్లికేషన్ సారాంశం తెలుగులో ఒకటిన్నర పేజీ రాసి ఇక్కడే పెట్టండి, చూసి దిద్దుతాను. ఇంగ్లీషు తర్వాత చూద్దాం. ఈ వారం మనవరాలికి పరీక్షలు, వచ్చే సోమవారం తర్వాతే జవాబిస్తాను. ఈలోపు వెళ్ళి ఆ నోటు పుస్తకం మొదటి పేజీలో తేదీ ఏమైనా ఉందేమో చూడండి.